చీమలు చూపిన చిల్లు

ఇరై డ్యాం నీళ్ళ మీద ఒట్టు నాగేషూ, నేన్ చెప్పే ముచ్చట్ల ఒక్క మాట అబద్ధమున్నా నా నాలుక ఊడి మొసలి నోట్ల పడుగాక! గిక్కడ మొసళ్ళు నూటా ఇరవై ఉన్నయ్. నేనే లెక్కవెట్టిన.

అరే, లేస్తవేంది? కూసో! పడవ ఒరుగుతది. కొనేటోడివి, ఓసారి ఎక్కి చూడాలె కదా! కాళ్ళ కింద నీళ్ళా? ఉంటయ్ మరి. తెరచాప గాలి పట్టింది, ఒడ్డు గంత దూరమాయె. నీకు ఈత రాదు కదా? నా మరిదివి, నీ సంగతి నాకు తెల్వదా?

మొన్న మంగళారం నాకూ గిట్లనే వచ్చినయ్. నడి నీళ్ళల్ల! తపేలతోని తోడిన, తోడిన... ఏడు చెరువులు నిండేటన్ని తోడిన. సావు తప్పి ఒడ్డుకొస్తే పదిమందిల నువ్వేమంటివి? "వదినే, మా అన్నతోనే ఈ పడవ పని అయిపోయింది. పొయ్యిల కట్టెలకు గూడ పనికిరాదు. ఎంతో కొంతకు నాకిచ్చేయ్. మా ఇంట్ల ఇంత తిని ఓ మూలకు పడుండు."

మూలకు! నేను! నీ పెండ్లాం గిన్నెలు తోముకుంట!

గందుకే పడవను ఒడ్డుకు గుంజిన, ఒక్కదాన్నే. ఇద్దరు చెయ్యేసిన్రులే, వాళ్ళు లెక్కల లేరు. అడుగంత తుడిచి, ఎండబెట్టి, బియ్యప్పిండి చల్లిన. మీ అన్న నేర్పిన పనే. మళ్ళ నీళ్ళల్లకు నూకితే పిండి యాడ ముందు తడుస్తదో ఆడనే చిల్లు.

బువ్వ తినొచ్చేసరికి చీమలు! పద్మాపూర్ బొగ్గు లారీల లెక్క బారు కట్టినయ్. పిండిని ముట్టలే నాగేషూ! పిండి తొక్కుకుంట పోయి తెరచాప గుంజ కింది పలక సందుల దూరినయ్.

పలక లేపిన. శెనగ గింజంత చిల్లు. వడ్లోళ్ళ బర్మాతోని తొలిచినట్టు గుండ్రంగ. అంచుకు ఏందో అంటుకున్నది. నాకి చూసిన.

బెల్లం!

చిల్లుల కుక్కితే ఒడ్డున గట్టిగుంటది, నడి నీళ్ళల్లకు పోయేసరికి కరుగుతది. ఏం తెలివయ్యా! బీడీ మానినప్పటి సంది రుమాల్ల బెల్లం గడ్డ కట్టుకొని తిరిగేటోడు మన వాడల ఎవడు?

మొఖం తిప్పకు. అదే చిల్లుల నేను గూడ బెల్లమే పెట్టిన. కోఠారి సంతల తెచ్చింది, మంచి మెత్తటిది. నువ్వు దాని మీదనే కూసున్నవ్.

ఆ? ఏందీ? గాలికి ఇనవడలే. గట్టిగ. "నేనే" అన్నవా? ఇంకోపాలి అను, ఆ మొసళ్ళు గూడ ఇనాలె.

ఏడ్వకు. పడవల ఇప్పటికే నీళ్ళెక్కువున్నయ్.

సరే, ఒట్టు తీసి గట్టు మీద పెడుత. బెల్లం పెట్టలే. మైనం పూసిన గుడ్డ కుక్కిన, చుక్క రాదు. నీ కాళ్ళ కింది నీళ్ళు పొద్దుగాల పలకల కింద నేను పోసిన రెండు బిందెలే, పడవ ఊగితే పైకొచ్చినయ్. కానీ మంగళారం నేను సచ్చేదాన్ని నాగేషూ. అదైతే అబద్ధం కాదు.

ఇగ తెడ్డు పట్టు. ఒడ్డు దిగి, గదే తడి ధోతితోని తుకుం బజారుకు పో. గుగ్గిలం, తారు డబ్బా పట్కరా. ఎందుకని దుకాణపోడు అడిగితే "మా వదిన పడవకు నేను పొడిచిన చిల్లుకు" అని చెప్పాలె. చెప్పినవా లేదా, రేపు నేను పోయి అడుగుత.