గిల్డులో చేరాలంటే ఫొటో

ఆన్‌లైన్ ఆటలో నలభై మంది కలిసి ఆడే గిల్డు అనే జట్టును నడిపే టైలరు, కుట్టు మిషను ఆపి, కొత్తగా చేరతానన్న అమ్మాయితో హెడ్‌ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పొద్దుట్నుంచి ఆమె ఐదో మనిషి. అడిగిందే అడిగి అతని నోరు నొప్పెడుతోంది.

"ఫొటో, ఇంటి అడ్రసు పంపమ్మా. అందరూ ఇచ్చారు."

"ఆడుకోడానికి అడ్రసెందుకండీ?"

"పోయినేడు ఒకడు చేరి, మేం మూడేళ్లు ఆడి కూడబెట్టిన ఆయుధాలన్నీ ఊడ్చుకుపోయాడు."

"అతను అడ్రసు ఇవ్వలేదా?"

"ఇచ్చాడు. అంతా అబద్ధం."

"మిగతావాళ్లవి ఎక్కడ దాచారు?"

"దాచడమేంటమ్మా, గ్రూపులోనే ఉంటాయి. ఒకళ్ల మీద ఒకళ్లకి నమ్మకం ఉండాలిగా."

"అయితే అతనూ అవన్నీ చూసే ఉంటాడు."

టైలరు మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"మొదటి ఫొటో నాదేనమ్మా," అన్నాడు. "ఇంటి గుమ్మంలో, పిల్లలతో."