నంది లేచేదాకా

(నంద్యాలలో ఒక ఇరుకు వీధి, శనివారం సాయంత్రం. అక్కడి క్రైస్తవ సంఘంలోని ఇళ్లలో వంట చేసిన ప్రతిసారీ చర్చి కోసం ఒక పిడికెడు బియ్యం డబ్బాలో వేసి పెట్టడం అలవాటు. చర్చి ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రికి పెద్ద కృపావరం, రిటైరైన టీచరు అబ్రహాము సార్ భార్య, నెలకోసారి సంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోయించుకుపోతుంది. ఇప్పుడు అరుణకుమారి ఇంటికి వచ్చింది.)

"కూచోనులే అరుణా, ఇంగా నాలుగిండ్లు తిరగాల. డబ్బా తీస్కరా, పోస్కోని పోతా."

"ఎండన పడి వచ్చిండావ్, కూచో అక్కా. బియ్యం రేపు నేనే చర్చి కాడికి తెస్తాలే."

"రేపెందుకు, ఈడికొచ్చినాను గదా. ఆ పొయ్యి పక్కనుండేదే గదా డబ్బా? నిండుగా ఉండాదే."

"ఆఁ. నిండుగనే ఉండాది."

"పోయిన్నెల కంటే ఎక్కువుండాది."

"దేవుని దయక్కా. నీళ్లు తాగుతావా?"

"ఇయ్యి. టీ గీ పెట్టాకు."

"పెట్టన్లే. అంటే, పెడుదును గానీ, పొద్దున పాలు ఇరిగిపోయినాయి."

"ఇరిగిపోయినాయా. మరి క్యాలెండర్ మింద వారం నుంచి 'పాలు లేవు' అని రాసిండావే."

"అదీ... పాలాయప్ప వస్తాండ్లేదు."

"మా ఈదికి దినామూ వస్తాండాడే."

"మా ఈదికి రాడు."

"పక్క ఈదే గదా మాది."

"పక్క ఈదే. ఆడికి వస్తాడు, ఈడికి రాడు. నీళ్లు తాగక్కా."

"ఇంగో లోటా ఇయ్యి. పాప యాడ?"

"పాట నేర్చుకోను చర్చికి పోయింది. రేపు ఆరాధనలో అదే పాడాలంట, ఒక్కతే. పొద్దుట్నించి ఇల్లంతా ఎగరగొట్టింది ఆ పాటతో."

"పాడనీ. ఆరాధన అయినంక మా కూటం పెట్టుకుంటాం. బియ్యం లెక్క చదవాల."

"ఈసారి గూడా పేర్లు చదువుతావా?"

"చదవాల గదా. ఎవురింటి నుంచి ఎంతొచ్చిందో చదవకపోతే, తక్కినోళ్లు ఊరుకుంటారా?"

"దానమ్మ పేరు చదివినట్లే?"

"ఆ మాట ఇప్పుడెందుకు?"

"ఊరికే అడిగినా."

"ఊరికే అడగల్యా నువ్వు."

"ఊరికేనక్కా. బుడ్డలు తింటావా? మా యమ్మ పాములపాడు నుంచి పంపిచ్చింది. వేయించిన శెనక్కాయలే."

"వద్దులే. ... ఇయ్యి, రోంత."

"తిను మరి. చేతిలో పట్టుకోని కూచున్యావే."

"సార్‌కు బుడ్డలంటే ఇష్టం. తీస్కపోతాలే."

"సార్‌కు ఇంగో పిడికెడు కట్టిస్తాలే, నువ్వు తిను."

"రెండూ ఒకటేలే. క్యాలెండర్ నిండా ఏందేందో రాసిండావ్, పెద్దచ్చరాలు తప్ప సన్నవి ఈడికి కనపడల్యా. రోంత చదువు."

"ఏముండాదక్కా అందులో. ఖర్చు రాసుకుంటాండా."

"దినామూ రాస్తావా?"

"దినామూ. రాయకుంటే నిద్ర పట్టదు. రాస్తే అస్సలు పట్టదు."

"ఈ సున్నాలేందీ మరి? ఒకటీ రెండూ గాదు, వరసగా చుట్టిండావ్."

"గ్యాస్ ఒక్కసారే ముట్టిచ్చిన దినానికి సున్నా చుడ్తా. సిలిండర్ ఎన్నాళ్లొస్తాదో చూద్దామని."

"ఒక్కసారి ముట్టిస్తే సరిపోతాదా?"

"బియ్యం ముందే నానబెడ్తా. ఒక్క ఉడుకు రాంగానే ఆర్పేసి, గిన్నెకు పాత దుప్పటి చుట్టి మూలకు పెడ్తా. దానంతట అదే ఉడుకుతాది."

"నిజంగా ఉడుకుతాదా? బిరుసుగా ఉండదా?"

"రోంత ఉంటాది. ఆకలైతే తెలీదు."

"ఎంతసేపు పెట్టాల?"

"పాప బడికి పోయేముందు చుట్టిపెడ్తే, నేను గుడ్డలుతికి వచ్చేసరికి అయిపోయింటాది. నువ్వెందుకడుగుతాండావక్కా, మీకేం ఖర్మ?"

"కూటంలో చెప్పచ్చు గదా, పొదుపు గురించి. నలుగురికీ పనికొస్తాది."

"చెప్పుకో. నా పేరు మటుకు చెప్పాకు."

"చెప్పన్లే. పప్పుకు బ్యాళ్లు ఎట్ల చేస్తాండావ్? ఇప్పుడు బ్యాళ్లు కొనేటట్లుండాయా?"

"బ్యాళ్లు ఆదివారం ఒక్క పూట. తక్కిన దినాలు రోట్లో నూరిన ఊరిబిండి, పులుసు. కూరగాయలకు పొద్దున పోను, సందకాడ పోతా. అంగడి ఎత్తేసేటప్పుడు వాడిపోయినవి కుప్ప పోసి ఇచ్చేస్తారు."

"ఎవురన్నా చూస్తే?"

"చూస్తే ఏమి, మొగం చాటు చేసుకుంటా. చీకటి పడింటాది గదా."

"సందకాడ. ఊఁ. ఏ పక్క అంగళ్లు?"

"బస్టాండు ఎనకాల. అక్కా, నువ్వు నిజంగా కూటంలో చెప్పనే అడుగుతాండావా, ల్యాకుంటే నన్ను చదువుతాండావా?"

"నిన్ను చదివేదేముండాది? పాపకు మధ్యాన్నం కూడెట్ల?"

"బళ్లో పెడ్తారు. గుడ్డు గూడా పెడ్తారు."

"పిల్లోళ్లకు ఆ బాగ్గెమన్నా ఉండాది. ముసలోళ్లకూ ఒక బడి పెట్టింటే బాగుండు."

"ఏమంటివి?"

"ఏం ల్యా. చాంద్‌బీ కాడ జాకెట్లు తెచ్చుకోని కుడ్తాండావంట?"

"కుట్టను రాదు నాకు. ఉక్సులు, కాజాలు అంతే. ఆమె మిషన్ కుడ్తాది, నేను చేతిపని. ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురో చెప్పినారు. ఆమె కాడ ఇంగా ఉండాయా, అట్లాంటి జాకెట్లు? నాకూ సూదిలో దారం ఎక్కుతాది ఇంగా."

"నువ్వా? సార్ భార్యవు, నువ్వు ఉక్సులు కుడ్తావా?"

"పొద్దు పోవాల గదా ఇంట్లో. ఫోన్ మోగుతాండాది, చూడు."

"పాప నాయన, తిమోతి. ఒక్క నిమిషమక్కా. ... ఆఁ, చెప్పు. ... ఇంట్లోనే. కృపావరమక్క వచ్చింది. ... దానికే. ... నాకు తెల్సు, నేను చూసుకుంటా. ... రేపు గూడా రావా? పాప పాడ్తాది గదా. ... వద్దులే, పోను రాను బస్సు చార్జీ. అది అడిగితే నేను చెప్తా. ... తిన్నావా? ... బన్ను తింటే తిన్నట్లేనా? ... సరే. పెట్టేస్తాండా."

"ఏమంటాడు?"

"పని ఎక్కువంట. ఆళ్లగడ్డలోనే ఉంటాడంట."

"ఆదివారం గూడా పనా?"

"అర్జెంటంట."

"జీతం దుడ్లిచ్చినారా?"

"ఇస్తారు."

"ఇచ్చినారా అని అడుగుతాండా."

"నంది లేస్తే ఇస్తారక్కా."

"నంది లేసేదేందీ?"

"ఈయప్పది శిల్పాల షెడ్డులో పాలిష్ పట్టే పని గదా. ఏదో ఊరి గుడికని పెద్ద నందిని చేసినారు. తీరా తయారైనంక ఆ ఊరోళ్లు రెండు గుంపులైనారంట. ఒగురు ఎత్తుకోని పోదామంటే ఇంగొగురు వద్దంటారు. నంది షెడ్డులోనే కూచోనుండాది. అది లేస్తే ఓనరుకు దుడ్లొస్తాయి, ఓనరుకొస్తే మాకొస్తాయి."

"యాగంటి బసవన్న లేసినట్లే."

"ఆ బసవన్నన్నా కలియుగం ఆఖర్న లేస్తాడంట. ఇది అప్పటికీ లేసేట్లు ల్యా."

"నీకు నవ్వులాటగా ఉండాదే."

"ఏడ్చేదంతా నెల మొదట్లోనే అయిపోయింది. ఇంగ నవ్వేదే."

"అంటే నెలంతా ఇట్లనే..."

"ఎట్లనే? ఏం ల్యాదక్కా, అంతా బాగనే ఉండాది. బాగలేకుంటే ఆ డబ్బా నిండుతాదా?"

"రేషన్ తెచ్చుకున్యావా?"

"తెచ్చుకున్యా. ఆయప్ప వేలు మిషన్ మింద పడదు. రాయి రుద్ది రుద్ది గీతలన్నీ అరిగిపోయినాయి. నేనే పోయి వేలు పెడ్తా."

"పడకుంటే ఏం చేస్తారు? నీ మాదిరి ఇంగో మనిషి లేకుంటే?"

"కండ్లు చూస్తారంట, ఇంగో మిషన్‌తో."

"కండ్లకు పొర వచ్చిండేటోళ్లకో?"

"ఎవురికక్కా?"

"ఎవురికో. లోకంలో ఉంటారు గదా అట్లాంటోళ్లు."

"ఏమో, నాకేం తెల్సు. సార్‌ను అడగకపోయినావా, చదువుకున్నాయన. ఎట్లుండాడు సార్?"

"ఉండాడు."

"కంటి ఆపరేషన్ అయిందా?"

"చేయిస్తాం. చలికాలం రానీ."

"మీకేమక్కా. ఒకటో తారీకు వచ్చేసరికి పింఛను పడ్తాది. మా మాదిరి నంది లేయాలనా, ఊరోళ్లు కలవాలనా."

"ఆఁ. మాకేం. ... పొద్దు పోతాంది, డబ్బా తీస్కరా."

"సంచి ఆడ పెట్టు, నేను పోస్తా."

"సంచి నా చేతిలోనే ఉంటాది. డబ్బా ఇట్లియ్యి."

"బరువక్కా. నీకెందుకు శ్రమ."

"పిడికెడు బియ్యం డబ్బాకు బరువేందీ. ఇయ్యి."

"నేను పోస్తానంటాండా గదా."

"పొయ్యి మరి. దాన్ని ఎదకు అదుముకోని నిలబడితివే."

"అక్కా, ఈ నెలకు వదిలేయి. వచ్చే నెల రెండు డబ్బాలిస్తా."

"నిండా పెట్టుకోని వదిలేయమంటావేందీ? ఇట్లియ్యి మే."

"చెయ్యి తియ్యక్కా. వద్దు. అక్కా, వద్దంటాండా..."

"ఇదేందీ, ఇంత తేలిగ్గా ఉండాది? అడుగున ఏమో గలగలమంటాంది."

"గిన్నె."

"గిన్నెనా?"

"బోర్లిచ్చి పెట్టినా. దాని మింద రోంత బియ్యం పోసినా. నిండుగా కనపడాలని."

"ఎప్పుడు పెట్టినావ్?"

"నువ్వు మా ఈది మొదట్లోకి వచ్చినావని పాప చెప్పిపోయింది. అప్పుడు."

"డబ్బాలో బియ్యమేమైనాయి?"

"తిన్నాం. రేషన్ బియ్యం అయిపోయినంక మొదట ఒక్క పిడికెడు తీస్కున్యా, మళ్లా వేద్దామని. మర్నాడు ఇంగొకటి. పాపకు కూడు పెడ్తాంటే, నాకు ప్రార్థన చేయను నోరు రాల్యా. దేవుని భాగం తిన్నానక్కా. రాసుకో."

"అరుణా."

"రాసుకో అక్కా. 'పిడికెడు తీయలేని చేతులుండాయి మన సంఘంలో' అని దానమ్మను నిలబెట్టి అంటివి గదా అందరి ముందర. ఆయమ్మ ఆ పొద్దు నుంచి చర్చి మొగం చూడల్యా. నాది అంతకంటే పెద్ద తప్పు. ఆయమ్మ తీసిపెట్టల్యా, నేను పెట్టింది తీసి తిన్నా. ఒక్కటే అడుగుతా. పాప ఇంటికి పోయినంక చదువు. అది పాట పాడిన చోటనే మా పేరు వినొద్దు."

"రాయను."

"ఎందుకు? బీదోళ్లమని జాలా?"

"జాలి గాదు."

"దానమ్మ మింద లేని జాలి నా మింద యాడిదని అడుగుతాండా."

"జాలి గాదంటి గదా. నువ్వు రోంతసేపు నోరు మూసుకో. నన్ను మాట్లాడనీ."

"మాట్లాడు."

"పొద్దుట్నించి ఎన్నిండ్లు తిరిగినానో. ప్రతి ఇంట్లో కూచున్యా. ప్రతి ఇంట్లో నీళ్లు తాగినా. అందరూ సంచిలో పోసినారు. ఒక్కర్ని గూడా అడగల్యాకపోయినా."

"ఏమడగాలని?"

"సార్ వేలు పడల్యా. కండ్లూ పడల్యా. బతికుండాడని ఏటేటా చూపియ్యాల గదా, ఆ మిషన్ ఒప్పుకోల్యా. ఎదురుగా కుర్చీలో కూచోని దగ్గుతాండాడు మనిషి, మిషన్ మటుకు లేడంటాది. రెండు నెల్లాయ పింఛను రాక."

"రెండు నెల్లా? ఎవురికన్నా చెప్పింటే..."

"ఎవురికి చెప్పేది? నేను పేర్లు చదివే మనిషిని."

"అక్కా, ఏమన్నా తిన్యావా నువ్వు?"

"నిన్న సార్‌కు గంజి కాచిచ్చినా."

"నువ్వు తిన్యావా అని అడుగుతాండా."

"గంజి సార్‌కే సరిపోయింది."

"ఆ సంచి నిండా బియ్యముండాయి గదా. దాన్ని మోసుకోని ఊరంతా తిరుగుతాండావ్."

"అవి ముట్టుకోల్యా. అవి దేవునియి."

"ఈ డబ్బాలో మిగిలిండేవి గూడా దేవునియే గదక్కా."

"నువ్వు చెయ్యి పెట్టినావు గదా అందులో. ఇంగ అవి దేవునియి గావు, నీవి. సంచిలో పోయాకు అరుణా. నా కొంగులో పొయ్యి."