నిడుమోలు నుంచి వెనక్కొచ్చిన బస్సు

(సోమవారం పొద్దున్న పది గంటలు. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, కూర్చుంటే మోకాళ్ళు చెవులకు తగిలేంత పల్లపు సోఫాలున్న ఒక కాఫీ షాపు. పామర్రు బస్సు దిగి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు: నేత చీరల కొట్టు నడిపి మూసేసిన అంకమ్మరావు, ఆయన బాల్యమిత్రుడు బసవయ్య.)

"ఇది కాదు."

"తాగకుండానే ఎట్లా చెప్తావు బావా?"

"వాసన చూశాగా. పైన నురగలో ఆకు బొమ్మ వేశాడు చూడు. కాఫీ బాగుంటే బొమ్మెందుకురా బసవయ్యా? చీర నేత బాగోలేనప్పుడే కదా మనం అంచు తిప్పి తిప్పి చూపించేది."

"ముందు తాగు. చల్లారిపోతోంది."

"ఆ కప్పు కాస్త నువ్వు పట్టుకో. బరువుగా ఉంది."

"కప్పు బరువా?"

"పింగాణీది కదా. పట్టుకోమంటే పట్టుకోవేం... ఊఁ. చాలు. ఇది కాదు. దీని కోసం మా చౌడేశ్వరి అంత దూరం నుంచి రాదు."

"ఆ కాగితం తియ్యి. ఇక్కడి కాగితాల మీద బొమ్మే లేదు. చెల్లెమ్మ సంచీలో దొరికినదాని మీద పిట్ట ఉందన్నావు."

"లకుముకి పిట్ట. ఇదుగో. చూడు ఎట్లా దాచుకుందో, పట్టుచీర మడత పెట్టినట్టు నాలుగు మడతలు పెట్టి. పెళ్ళైన కొత్తలో నేను రాసిన ఉత్తరాలు ఎలకలు కొట్టేశాయంటే 'పోన్లెండి' అంది. మూతి తుడుచుకునే కాగితానికి మాత్రం మడతలు."

"ఇంతకీ ఆవిడ ఏమందో చెప్పు."

"బస్సులో చెప్పాగా."

"రెండుసార్లు చెప్పావు. రెండుసార్లూ ఒకేలా లేదు. మూడోదాంట్లో నిజం ఎంతుందో చూద్దామని."

"ఇందులో కోతల్లేవురా. మంగళవారం మంగళవారం మోకాళ్ళకి కరెంటు పెట్టించుకోవడానికి బెజవాడ వస్తుందా? అది అరగంట పని. ఇల్లు చేరేసరికి నాలుగు. పమిట చెంగంతా కాఫీ వాసన. ఏంటీ ఆలస్యం అంటే, 'ఇవాళ కాఫీ లాంటి కాఫీ తాగాను' అంది."

"మంచిదేగా."

"ఏం మంచిది? నలభై రెండేళ్ళు నా చేతి కాఫీ తాగిన మనిషి. ఒక్కనాడు బాగుందని అన్న పాపాన పోలేదు. నా కంటే బాగుందా అని అడిగా."

"ఏమంది?"

"'మీ కాఫీ ఎక్కడుందీ' అంది."

"నిజమే కదా. మూడేళ్ళుగా నువ్వు పొయ్యి దగ్గరికే పోలేదు. మీ కోడలు వేణ్ణీళ్ళలో పొడి కలిపి ఇస్తోంది. ఆవిడ ఎక్కడ తాగాలి?"

"పాలు బాగుండట్లేదని మానేశా. పామర్రులో గేదెలు మునపట్లా లేవు."

"మీ మనవరాలి నిశ్చితార్థం దాకా గేదెలు బాగానే ఉన్నాయే."

"ఆ మాట ఇప్పుడెందుకు? లే. ఇంకో కొట్టు చూద్దాం."

"ఉండు, ఈ సోఫాలోంచి లేవడానికి ఇంకో మనిషి కావాలి."

(ఆటోలో. మొగల్రాజపురంలో ఒకటి, లబ్బీపేటలో రెండు అయ్యాయి. గవర్నర్‌పేట వైపు.)

"లబ్బీపేట వాడు కాఫీలో ఐసు వేశాడురా."

"అది అట్లాగే తాగుతారట బావా. పిల్లలంతా క్యూ కట్టారు."

"సీసాలో పోసి గొట్టం పెట్టాడు. మా తాత దూడలకి మందు వెదురు గొట్టంతో అట్లాగే పట్టేవాడు. ఆ దూడలు కూడా ఇంత మొహం పెట్టలేదు. గొట్టం మాత్రం పర్వాలేదు. ఎత్తక్కర్లేదు."

"మొగల్రాజపురంలో ఆ జడేసుకున్న కుర్రాడిని ఎందుకలా చూశావు?"

"వాడేమోనని."

"చెల్లెమ్మకి అరవై ఎనిమిదేళ్ళు."

"కాఫీకి వయసేంట్రా? నా కాఫీ రోజులు నీకు తెలియవా? కొట్లో తెల్లపరుపు మీద కూర్చోబెట్టి, ముందు గ్లాసు చేతికిచ్చి, తరవాత చీర విప్పేవాణ్ణి. తాగినవాళ్ళు కొనకుండా లేచారా ఒక్కళ్ళయినా? ఆ రోజు ఏమైంది? డికాక్షన్ దిగుతోంది, బందరు బస్సు పామర్రు సెంటర్ దాటేసింది..."

"దాటి నిడుమోలు దాకా పోయింది."

"నిడుమోలు దాకా పోయింది. గాలి అటు తిరిగింది. డ్రైవరుకి వాసన తగిలి, బస్సు వెనక్కి తిప్పాడు. కండక్టరు దిగి నాతో ఏమన్నాడు?"

"'మీ వాసనకి టిక్కెట్టు కొట్టలేను అంకమ్మరావుగారూ' అన్నాడు. ఆ రోజు నేను కొట్లోనే ఉన్నా బావా. బస్సు పంచరైంది."

"పంచరు వెనక్కొచ్చాక అయ్యింది. సరే, అది వదిలెయ్. ఇది వేరే మనిషి పని. సంజీవరావు అనుకుంటున్నా."

"మన ఎదురుకొట్టు సంజీవరావా?"

"రెడీమేడ్ సంజీవరావు. కొడుకు దగ్గరికని గవర్నర్‌పేట వచ్చేశాడుగా. వాడికి ఎప్పట్నుంచో నా కాఫీ మీద కన్ను. చౌడేశ్వరి కొట్టు ముందు నుంచి వెళ్తే చాలు, లేచి నిలబడేవాడు. 'వదినగారూ, మీ ఇంటి నీళ్ళయినా కాఫీలా ఉంటాయండీ' అన్నాడొకసారి. ఆవిడ నవ్వింది."

"ఎప్పుడు?"

"ఎనభై నాలుగులో."

"ఇంకా గుర్తుందా నీకు?"

"నా మాటకి నవ్వి ఉంటే గుర్తుండేది కాదురా. వాడి మాటకి నవ్వింది."

(గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందు. నాలుగు బల్లల కొట్టు. గోడ మీద లకుముకి పిట్ట బొమ్మ. పొయ్యి దగ్గర పాతికేళ్ళ వినీల.)

"రండి తాతగారూ, ఆ ఫ్యాను కింద కూర్చోండి. ఏం ఇమ్మంటారు?"

"ముందు ఇది చెప్పమ్మా. ఈ కొట్టు ఎవరిది?"

"నాదేనండీ. నా పేరు వినీల. ఇదివరకు మా నాన్న ఇక్కడ జిరాక్స్ షాపు నడిపేవారు."

"కాఫీ నువ్వే కలుపుతావా? మగవాళ్ళు, పెద్దవాళ్ళు, మీసాలున్నవాళ్ళు ఎవరూ లేరా?"

"మీసాలెందుకండీ కాఫీకి?"

"ఆయన మాటకేం గానీ అమ్మా, రెండు కాఫీ ఇయ్యి. బావా, ఆ బోర్డు చూశావా?"

"కళ్ళజోడు ఇంటి దగ్గర ఉంది. చదువు."

"అన్నిటికంటే పైన, పెద్దక్షరాలతో. 'పామర్రు తాత కాఫీ'."

"ఏ తాత?"

"పామర్రులో తాతలకేం తక్కువా. నేనూ తాతనే."

"నీకు నీళ్ళు కాచడం రాదు. అమ్మా, నాకు సగం గ్లాసు చాలు."

"అందరూ నిండా పొయ్యమంటారండీ."

"సగమే. బసవయ్యా, నువ్వు పట్టించు. గ్లాసు కాలుతుంది నాకు."

"ఊఁ, తాగు... బావా. బావా, ఏంటట్లా అయిపోయావు?"

"మాట్లాడకు. ఇంకో గుక్క పట్టించు... అమ్మా, దేంతో వడగడతావు?"

"గుడ్డతోనండీ. ఇదుగో. మిషను ఉంది గానీ ఈ కాఫీకి గుడ్డే వాడాలి. కాస్త చూస్తూ ఉండండి, ఆ బల్ల వాళ్ళకి ఇడ్లీ ఇచ్చి వస్తాను."

"చూశావురా బసవయ్యా. చీర నేశాక పడుగు దారాల చివర మగ్గం మీద మిగిలే ముక్క. గంజి మొత్తం వదిలేదాకా మూడు రోజులు నానబెట్టి, ఉడకబెట్టి, నీడన ఆరబెడితే గానీ వాసన పోదు. ఈ అంచున ఎర్ర పోగు చూడు. మా మగ్గం మీద తప్ప ఎవరూ వెయ్యరు."

"అంటే ఇది మీ ఇంటిదా?"

"నా గుడ్డే. కోడలిక్కూడా చెప్పని పని. నేనూ చౌడేశ్వరీ తప్ప మూడో మనిషికి తెలీదు. తీసుకొచ్చి సంజీవరావు చేతిలో పెట్టిందన్నమాట. వాడు ఈ పిల్లకి చెప్పి, పైన వాడి పేరు రాయించుకున్నాడు. తాత అట. వాడి మొహానికి తాత."

"మెల్లిగా. ఆ అమ్మాయి వస్తోంది."

"ఎట్లా ఉందండీ కాఫీ?"

"పర్లేదు. ఎవరు నేర్పారు నీకు?"

"ఒక మామ్మగారండీ. మంగళవారం మంగళవారం వస్తారు. మొదటిసారి వచ్చిన రోజు నా కాఫీ ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశారు. బాగోలేదా అని అడిగితే, లేచొచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఆ మోకాళ్ళ నొప్పులతో గంటసేపు. నాకు రావడానికి ఆరు వారాలు పట్టిందండీ. ఇప్పటికీ ఇంకా కుదర్లేదనే అంటారు."

"దేనిలాగా కుదర్లేదట?"

"ఆ తాతగారు పోసే కాఫీలాగా."

"ఆయన గురించి ఏం చెప్పిందో?"

"చాలా చెప్తారండీ. ఆ కాఫీ వాసనకి బందరు బస్సులు మూడు నిడుమోలు నుంచి వెనక్కొచ్చాయట."

"ఎన్ని?"

"మూడండీ. మూడో బస్సులో పెళ్ళివారున్నారట. దిగి కాఫీ తాగి, ఇంత మంచి ఊరు వదిలి ఎక్కడికి పోతామని పెళ్ళి పామర్రులోనే చేసేశారట."

"బసవయ్యా. నేను చెప్పింది ఒక్క బస్సే కదా?"

"ఒక్కటే బావా."

"పెళ్ళివారు ఎక్కడ ఎక్కారు?"

"చెల్లెమ్మే ఎక్కించి ఉంటుంది."

"ఇంట్లో నేను ఆ బస్సు స్టార్టు చేస్తే చాలురా, మూతి తిప్పుకుని లోపలికి పోయేది. 'ఆపండి, ఎన్నిసార్లు వినాలి' అనేది. ఇక్కడికొచ్చి ఎవడి పేరు మీదో నా బస్సులు తిప్పుతోందా?"

"మీకు ఆవిడ తెలుసాండీ?"

"మా ఊరే అమ్మా. మొహం తెలుసు. అది చెప్పేటప్పుడు ఆవిడ ఎట్లా ఉంటుంది?"

"నవ్వుతారండీ. పెళ్ళివారి దగ్గరికొచ్చేసరికి ఇంక మాట రాదు, అంత నవ్వు. చివర్లో కళ్ళు తుడుచుకుంటారు. నేను ఈ పిట్ట కాగితం ఇస్తాను. తుడుచుకుని, మడత పెట్టి సంచీలో వేసుకుంటారు."

"బావా, ఇంక ఆ సంజీవరావుని వదిలెయ్యి. నా మాట విను."

"నువ్వుండు. అమ్మా, అంత గొప్పవాడైతే ఆయన్నే ఒకసారి ఇక్కడికి తీసుకురమ్మనలేకపోయావా? ఎదురుగా నిలబడి కలిపి చూపిస్తాడుగా. మేమూ చూస్తాం ఎంతటివాడో."

"అడిగానండీ. ఆయన లేరట."

"లేడా?"

"పోయారటండీ. మూడేళ్ళయిందట."

"బసవయ్యా, నవ్వకు."

"నవ్వట్లేదు బావా."

"మొన్నేగా నువ్వు సంజీవరావుని బందరు రోడ్డులో చూశానన్నావు."

"చూశాను. సంజీవరావు బతికే ఉన్నాడు. ఇంక ఈ అమ్మాయిని ఏమీ అడక్కు, పోదాం పద."

"ఉండరా. ఎట్లా పోయాడని చెప్పిందమ్మా?"

"నేనూ అదే అడిగానండీ, గుండెపోటా మామ్మగారూ అని. కాదమ్మా అన్నారు. 'మనవరాలి నిశ్చితార్థం రోజున వియ్యాలవారికి కాఫీ ఇస్తుంటే చెయ్యి వణికింది. గ్లాసు జారి ఆ పెద్దాయన పంచె మీద ఒలికింది. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం ఆయనే ఈ గుడ్డ ఉతికి, ఆరేసి, మడత పెట్టి నా చేతికిచ్చారు. మర్నాటి నుంచి పాలు బాగోలేవంటారు, గేదెలు బాగోలేవంటారు. ఆ కాఫీ పోసే మనిషి ఆ రోజే పోయారు' అన్నారు. నాకు సరిగ్గా అర్థం కాలేదండీ. పెద్దావిడ కదా, మళ్ళీ అడగడం బాగోదని ఊరుకున్నా... ఏమైందండీ? కాఫీలో పంచదార ఎక్కువైందా?"

"లేదమ్మా. సరిపోయింది. బసవయ్యా, ఆ గ్లాసు ఇట్లా ఇయ్యి."

"నేను పట్టిస్తాలే బావా."

"ఇయ్యరా."

"ఒలుకుతుంది."

"ఒలకనీ. నా పంచేగా... అమ్మా వినీలా, డికాక్షన్ కొంచెం తొందరపడి దించుతున్నావు. గుడ్డలోంచి దానంతటదే దిగాలి, నువ్వు పిండకూడదు. ఆవిడకీ ఆ ఓపిక లేదు, అందుకే కుదర్లేదంటోంది. రేపు ఎన్నింటికి వస్తుంది?"

"పదకొండున్నరకి వచ్చేస్తారండీ."

"ఆ వేళకి నీ పొయ్యి దగ్గర కాస్త చోటిస్తావా?"

"ఎవరికండీ?"

"పోయినాయనకి."