ఖాళీగా తిరిగిరాని బండి

సభకు అధ్యక్షత వహిస్తున్న మేనేజరు వీరేందర్ గారికి, గోడౌను పెద్దలకు, హమాలీ అన్నలకు, ముందు వరుసలో బెరుగ్గా కూర్చున్న లాలి అక్కకు, ఆమె భర్త, ఈ రోజు మనం శాలువా కప్పి పంపిస్తున్న డ్రైవరు గోప్యా అన్నకు నమస్కారం.

రాసుకొచ్చిన కాగితంలో ‘విశ్రాంత జీవితం’ అని ఉంది. చదవలేకపోతున్నాను. అన్నకు యాభై మూడేళ్లే.

ఆరేళ్ల కిందట ఈ మానుకోట గోడౌనులో బండ్లకు రూట్లు వేసే పనిలో చేరి, డీజిలూ పొగా తగ్గించాలని చదివిన చదువంతా ఒక పటంలోకి దించి, సబ్బులూ నూనె డబ్బాలూ వేసుకుని నర్సింహులపేట వైపు వెళ్లే ఈయన బండి, తిరిగొచ్చేటప్పుడు ఒక తండాలో రోజూ నలభై నిమిషాలు ఎందుకు ఆగుతోందని నోటీసు ఇచ్చాను. (అభిలాష్, నవ్వకు, టైపు చేసింది నువ్వే.) [నవ్వులు]

అన్న వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. “ఖాళీ బండి తోలుకొస్తే ఏమొస్తది మేడం? తండోళ్ల మిర్చి బస్తాలు మార్కెట్ల దించుతున్న. డీజిల్ గదే, తొవ్వ గదే. జర ఒక్కనాడు బండెక్కి చూడరాదుండ్రి.”

ఎక్కాను. తండాలో కిరాణా కొట్టు నడిపే మంగ్యా నన్ను ఎగాదిగా చూసి, “గీమెనా నోటీసిచ్చింది? ఎండల నిలవడనీ, ఎర్కయితది” అన్నాడు. బస్తాలు బండికెత్తుతున్నవాళ్ల పక్కన ఆ నలభై నిమిషాలూ నిలబడ్డాను. ఏ బండీ ఖాళీగా తిరిగి రాకూడదని జనగామ, భూపాలపల్లి దాకా మన కంపెనీ పెట్టుకున్న పద్ధతి ఆ ఎండలోనే పుట్టింది. కాగితాల మీద మాత్రం నా పేరుంది. చప్పట్లు వద్దండి, దయచేసి.

పద్ధతి బాగానే పనిచేసింది. బండ్లు నిండుగా తిరిగాయి కనుక తక్కువ బండ్లు చాలన్నారు. చిన్న రూట్లు ఎత్తేశాం. మొదట పోయింది అన్న బండే, దానితోపాటే అన్న పనీ. సోమవారం నుంచి తండావాళ్లు ఒక్కో బస్తా ఒక్కో మోటారు సైకిలు మీద మార్కెట్టుకు తెచ్చుకోవాలి. ఆ పొగ మన పటంలో కనబడదు. మనం పొగ తగ్గించామో, వాళ్ల వాకిళ్ల ముందుకు నెట్టామో, నాకు నిజంగా తెలియడం లేదు.

[కాగితం మడుస్తూ]

పొద్దున మెట్ల దగ్గర అన్న అడిగాడు: “ఇగ బండి రాదని మంగ్యాకు ఎవలు చెప్తరు మేడం? నాకైతే నోరొస్తలేదు.” నేను చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు.

సభ ఏర్పాటు చేసిన వీరేందర్ గారికి కృతజ్ఞతలు. గోప్యా అన్నా, నన్ను ఆ రోజు బండెక్కించినందుకు మీకూ. బండి తీసేయమన్న కాగితం మీద సంతకం ఎవరు పెట్టారని ఇందాక లాలి అక్క పక్కవాళ్లను అడగడం నాకు వినబడింది.

నేనే పెట్టాను అక్కా. సెలవు.