పెట్టె ఎదురుగా కొట్టు

ఎవరైనా తీసుకెళ్లి చదువుకోవచ్చని చర్చివాళ్లు వీధిలో పెట్టించిన పుస్తకాల పెట్టెకి ఎదురుగానే వడ్రంగి కొట్టు. ఆ పెట్టె చేసిన ముసలాయన, ఆ చర్చి పాస్టరైన ఆయన తమ్ముడి కొడుకు కొట్టులో మాట్లాడుకుంటున్నారు.

"పెదనాన్నా, ఇవాళ ఎవరైనా పుస్తకం తీసుకున్నారా?"

"ఎందుకురా, వాళ్లింటికి పోవడానికా?"

"అదేంటి, అలా అంటావు?"

"రోజూ వచ్చి అడుగుతుంటే, నేను చేసిన పెట్టె మీద ముచ్చట కాబోలు అనుకున్నా. మురిసిపోయి అన్నీ చెప్పా."

"ముచ్చటే పెదనాన్నా."

"ముచ్చటా? నాకు అక్షరం ముక్క రాదు. కుట్టుపని చేసే అమ్మాయి ఖాళీ ఉయ్యాల బొమ్మున్న పుస్తకం పట్టుకెళ్లిందని చెప్పా. అదేం పుస్తకమో నీకు తెలుసు."

"బిడ్డ పోయినవాళ్ల కోసం రాసింది."

"తెల్లారేసరికి మీ చర్చివాళ్లు నలుగురు పోయి ఆ పిల్ల గుమ్మంలో నిలబడ్డారు."

"ప్రార్థన చేసి ఓదారుద్దామని వెళ్లాం. అది తప్పా?"

"బిడ్డ పోయిన సంగతి ఆ పిల్ల ఈ వీధిలో ఎవరికీ చెప్పుకోలేదురా! ఎవరు తీసుకున్నా అడిగేవాళ్లుండరని నువ్వంటేనే కదా, నేను గడప గడపకీ తిరిగి చెప్పింది? నా నోటితోనే నమ్మించి, నా కళ్లతోనే కాపలా కాయించావు."

"మంచికే కదా పెదనాన్నా... ఆమె ఏమైనా అందా?"

"పొద్దున వచ్చింది. పెట్టె వైపు కూడా చూడకుండా పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ తాతా, తాతా అనే పిల్ల, 'ఏవండీ, తిరిగిచ్చేశానని మీవాళ్లకి చెప్పండి' అంది."