ఒత్తు పట్టిన ఆదెమ్మ

ఆదెమ్మ అని ఒకామె, ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని, వాగు దాటి నేరుగా ఈ వంటపాకలోకే వచ్చిందంట. "సన్నాయి బడి ఇదేనా? పంతులు కావాలన్నారంట గదా, నేనొచ్చా" అందంట. అప్పుడిక్కడ వండేది మా అమ్మ. ఇదుగో, నేను కూర్చున్న ఈ పీట మీదే కూర్చుని, సన్నాయికి ఆడ పంతులా అని నోరు తెరిచిందంట. తెరవదా మరి, సన్నాయి ఊదే ఆడమనిషిని మా అమ్మ ఎన్నడు చూసింది గనక! ఆ గోంగూర కట్ట ఇటియ్యి నాయనా, చేతులు ఊరికే ఉంటే నాకు కథ రాదు.

ఈ బడి మా పాలెమోళ్లు ఇంటింటికీ తిరిగి బియ్యం ఎత్తుకుని పెట్టుకున్న బడి. కొండలు తాత అని పెద్ద పంతులు ఉండేవాడు. ఏమైందంటే, ఆయనకి ముందుపళ్లు నాలుగూ ఒక్క ఏడాదిలో ఊడిపోయినయ్యి. పళ్లు లేకపోతే సన్నాయి పలకదు, గాలంతా పక్కలకి పోద్ది. ఊరి ప్రెసిడెంటు చూశాడు చూశాడు, ఊదే పంతులే లేనప్పుడు బడెందుకు, నవమికి రాములోరి కల్యాణంలో మన పిల్లలు మేళం ఊదితే సరే, లేదంటే ఆ పాకలో నా ఎరువుల బస్తాలు దించుకుంటా అన్నాడంట. నవమి ఇంక ఇరవై రోజులే. తాత ఊరూరా కబురు పెడితే ఇద్దరంటే ఇద్దరొచ్చారు. ఒకామె ఆదెమ్మ. రెండో ఆయన సుదర్శనం గారు, టౌను నుంచి, పట్టు కండువా, మెడలో పతకం, అబ్బో!

ఈ బడికి ఒక పద్ధతుంది. కొత్త పంతులు ఎంత మొనగాడైనా రాంగానే సన్నాయి చేతికియ్యరు. ఒత్తు ఇస్తారు. ఒత్తంటే చూడటానికి సన్నాయి మాదిరే ఉంటది గానీ దానికి ఒకటే కూత, సన్నాయి వెనక శ్రుతి పట్టేదానికి. పొద్దున బడి మొదలైన కాడి నుంచి అన్నం గంట కొట్టిందాకా పిల్లలు ఊదతా ఉంటే ఆ ఒక్క కూత ఆపకుండా పట్టాలి. బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో పీలుస్తా ఉండాలనుకో. పిల్లలు తప్పు ఊదనీ, బెదిరిన బర్రెల్లాగా అరవనీ, ఒత్తు మాత్రం ఆగకూడదు. ఆగిందా, ఇంటికే.

ముందు రోజు సుదర్శనం గారు కూర్చున్నాడంట. గంట సేపు బ్రహ్మాండంగా పట్టాడు. ఒక పిల్ల ఉంది, మంగమ్మ, అది ఒకే చోట మూడు సార్లు తప్పిందంట. మూడోసారి ఈయనకి మండిపోయింది. ఒత్తు నోట్లోంచి లాగేసి "అక్కడ కాదే, పై బెజ్జం మూయి!" అన్నాడు. అంతే, ఒత్తు ఆగిపోయింది. కొండలు తాత లేచి దణ్ణం పెట్టి, తమరు గొప్పోరు, పోయి రండి అన్నాడంట. తప్పు దిద్దటం కూడా తప్పేనా అని సుదర్శనం గారు. "దిద్దొచ్చు బాబూ, తర్వాత. పిల్ల దారి తప్పినప్పుడు మనం కూడా వదిలేస్తే, అది ఇంక దేన్ని పట్టుకుని వెనక్కి రావాలి?" ఈయన కండువా దులుపుకుని విసవిసా వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదెమ్మ. పట్టింది పట్టింది, మంగమ్మ తప్పింది, ఇంకో ఇద్దరు తప్పారు, ఒకడు ఏడ్చాడు. ఈమె రెప్ప కదలలేదంట. అన్నం గంట కొట్టినా ఆపలేదు, పిల్లలు పాట ముగించాకే ఆపింది. తాత ఇటు తిరిగి "అమ్మాయ్, ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పొయ్యి" అని మా అమ్మని కేకేశాడు. అదీ ఇక్కడ పంతులైనట్టు లెక్క.

ప్రెసిడెంటు ఊరుకుంటాడా? ఒక్క కూత కూస్తే సరిపోద్దా, సన్నాయి ఏనాడన్నా ఊదావా అని అడిగాడంట. ఆమె అబద్ధం చెప్పలేదు. "ఊదలేదండీ. మా నాయన ముట్టుకోనియ్యలేదు. కానీ ఇరవై రెండేళ్లు ఆయన పక్కన ఒత్తు పట్టా. ఆయన వేళ్లు చూడటం తప్ప నాకు ఇంకేం పనుంది? నవమికి పిల్లలు ఊదకపోతే బడి తాళంచెవి నేనే తెచ్చి మీ చేతిలో పెడతా" అందంట. మొదటి రోజు సన్నాయి ఊదితే పిల్లలు పడీపడీ నవ్వారు. మళ్లీ ఊదింది. పెదాలు చిట్లినయ్యి. వెన్న రాసుకుని మళ్లీ ఊదింది. తాత బోసినోటితో పాడేవాడు, ఆమె పలికించేది, పిల్లలకంటే ఒక్క పూట ముందు తను నేర్చుకునేది. వేళ్లకి అన్నీ తెలుసంట, నోటికే తెలియదు.

నవమి వచ్చింది. పందిట్లో ఆదెమ్మ ముందు, పిల్లలు పక్కన, మంగమ్మకి ఒత్తు. బాగానే సాగతా ఉంది. సరిగ్గా తాళిబొట్టు పైకెత్తే ముందు మంగమ్మకి పొలమారింది. ఒత్తు ఆగిపోయింది! పిల్లలు తలా ఒక దారి. ఆదెమ్మ మాత్రం సన్నాయి వదల్లేదు. ప్రెసిడెంటు అప్పుడే తాళంచెవి కోసం చెయ్యి చాపాడంట. అంతలో వెనక నుంచి ఒత్తు లేచింది. ఎవరనుకున్నావు? సుదర్శనం గారు! వీళ్లు ఎట్టా చెడగొడతారో చూద్దామని వచ్చి జనంలో కూర్చున్నవాడు, లేచొచ్చి మంగమ్మ చేతిలో ఒత్తు అందుకున్నాడు. పిల్లలు ఇంకో రెండు చోట్ల తప్పారు, ఆయన కళ్లు ఉరిమినయ్యి గానీ తాళి కట్టిందాకా ఒత్తు ఆపలేదు. పిల్లలందరూ దాన్ని పట్టుకునే వెనక్కొచ్చారు. ప్రెసిడెంటు చాపిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అక్షింతలు తీసుకున్నాడంట.

మధ్యాహ్నం సుదర్శనం గారు ఈ గుమ్మంలో నిలబడి, లోపలికి రానా వద్దా అన్నట్టు చూస్తన్నాడంట. ఆదెమ్మ ఆయన్ని చూసి ఇటు తిరిగింది. మా అమ్మతో అంది, ఎసట్లో ఇంకో సోలెడు పొయ్యి అని.

అదీ కథ. ఇద్దరూ పోయారు, ఒత్తు ఉంది. పొద్దుటి నుంచి ఆ పాకలోంచి వినపడతా ఉందే, అదే. ఎవరో కొత్త కుర్రాడంట, ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ సంకలో పెట్టుకుని వచ్చాడు. నేనైతే ఆ ఫ్రేముని చూసి బియ్యం కడగలేదు. గంట కొట్టారా? కొట్టారు గదా. ఇంకా వినపడతానే ఉందే! సరే, ఆ సోల ఇటియ్యి.