అక్కి రాసే కురుమయ్యకు అక్కి

(2006 ఎండాకాలం. గద్వాలలో డాక్టరు మాలతి గది.)

"అంగి ఇప్పు పెద్దాయనా."

"ముందుగాల జర ఆ తలుపెయ్యమ్మా."

"ఎవరన్న చూస్తరనా?"

"మా దిక్కోళ్లు ఎవరూ రారని మా ఊరు వీపనగండ్ల ఇడిసిపెట్టి గింత దూరం వస్తి. వస్తే ఏముంది, బయట బెంచీ మీద ఇద్దరు నా చేత అక్కి రాయించుకున్నోళ్లే!"

"ఓ, పొక్కుల మీద అక్కి రాసే కురుమయ్యవు నువ్వేనా?"

"మెల్లగమ్మా, మెల్లగ! బయటోళ్లు ఇంటే ఇంకేమన్న ఉందా? రేపటి సంది నా దగ్గరికి ఎవడొస్తడు?"

"సరే, మెల్లగనే అడుగుత. ఛాతీ మీద ఎర్రమన్నుతోని ఇదేంది, పిల్లి బొమ్మనా?"

"సింహం."

"సింహమా?"

"మందికి రాస్తే సింహమే వస్తదమ్మా. నాకు నేను అద్దంల చూసుకుంట రాసుకున్న. గట్లొచ్చింది."

"పొక్కులు ఎప్పుడో ఎండినయి గద. ఇంకేం బాధ?"

"పొక్కులు పోయి నెల దాటింది, మంట పోలే. అంగి తాకితే నిప్పు తాకినట్టుంటది. అందుకే మొన్న మళ్లొకసారి రాసుకున్న. మా ఇంటామె ఒకటే నవ్వుడు. ఇంకో సింహం గూడ రాసుకో, దానికి తోడుంటది అంటది."

"చిన్నప్పుడు అమ్మవారు పోసిందా నీకు?"

"పోసింది. పోయింది."

"పోలేదు. వెన్నుపూసకు రెండు దిక్కుల నరాలకు ముడులుంటయి. తోలు మీద ఏం తాకినా ఆ కబురు ముడి లోపలి నుంచే మెదడుకు పోతది. అమ్మవారు పోసినప్పటి క్రిమి ఆ ముడిలనే పండుకుంది ఇన్నేండ్లు. నీ సత్తువ తగ్గంగనే లేసి, నరం పట్టుకొని తోలు దాక వచ్చింది. అందుకే ఒక్క దిక్కే పట్టీ లెక్క లేస్తది."

"అంటే... ఇల్లు లోపల కాల్తుంటే నేను బయట గోడకు ఎర్రమన్ను పూస్తున్ననా?"

"అంతే. పొక్కులు రెండు మూడు వారాలల్ల వాటంతటవే ఎండుతయి."

"నేను రాయకున్నా?"

"రాయకున్నా."

"అయ్యో! మరి ఇన్నేండ్లు మంది కొబ్బరికాయలు, కోళ్లు తెచ్చిస్తే తింటి గదమ్మా!"

"ఇగ మంట సంగతి. ఆ ముడి దెబ్బతిన్నది. తోలు మీద ఏం లేకున్నా కాల్తుంది, కాల్తుంది అని మెదడుకు చెప్తనే ఉంటది."

"లేనిది ఉన్నదని చెప్తదా? అదీ నా లెక్కనే ఉన్నది."

"మంట పోలేదని వచ్చినోళ్లకు నువ్వేం చెప్తుంటివి?"

"వంకాయ తిన్నరు, పత్తెం తప్పిండ్రు అని తిడుతుంటి. ఇప్పుడు నన్ను నేను తిట్టుకుందామంటే వంకాయ గూడ తినలే."

"గోలీలిస్త, మెల్లమెల్లగ తగ్గుతది. ఛాతీ మీద వస్తే బాధ ఒక్కటే. ముఖం మీద వస్తేనే పరేషాన్."

"ముఖం మీదనా?"

"నుదురుకు, కంటికి, ముక్కుకు పోయే నరం ముడి పుర్రె లోపలుంటది. ముక్కు కొస మీద పొక్కు లేసిందంటే కంటికి గూడ పాకినట్టే. మూడు దినాలల్ల మందు పడాలె. లేకుంటే చూపు పోవచ్చు."

"ముక్కు కొస అంటే... గిదేనా, గీడనా?"

"ఏమైంది? గట్ల చూస్తున్నవ్?"

"ఏం లే. ఉత్తగనే అడిగిన."

"ఎవరికన్న లేసిందా?"

"మా పక్కింటి రుక్కమ్మ వదినకు. మొన్న లేసినయి. నిన్న నేనే రాసిన."

"దవాఖానకు పొమ్మనకపోతివా?"

"ఆమెనే పోతనన్నది. నేనే... నా మీద నమ్మకం లేదా అని కోపం చేసిన."

"ఇయ్యాలనే తోలుకరా!"

"నేను పోయి తోలుకొచ్చేసరికి రేపైతది. నీ సెల్లు జర ఇస్తవా? కిరాణం బుచ్చన్న నంబరు నోటికొస్తది."

"నేను మాట్లాడుత. నీ పేరు తియ్యను, భయపడకు."

"నువ్వు చెప్తే ఇనదమ్మా. అక్కి అంటే నా మాటే ఇంటది, గట్ల చేసిపెట్టిన. ఇటియ్యి... అలో, బుచ్చన్నా, నేను కురుమయ్యను. రుక్కమ్మను పిలువు, ఉరుకు... ఆఁ, వదినా, ఆ రాత కడుక్కో. కడుక్కొని ఇప్పుడే గద్వాల బస్సెక్కు... లే, లే, నువ్వేం పత్తెం తప్పలే... ఏంది? నా మీద నమ్మకమున్నదా? నాకే లేదు వదినా, అందుకే ఈడ డాక్టరమ్మ ముందట అంగి ఇప్పి కూసున్న."